తొండం దగ్గర నెర్రెలు, చెవులు ఊడటం: ఏనుగు తొట్లలో తప్పు మట్టిదా, చేతిదా?

తిరుచానూరు_తొట్టి
ఏనుగు మొహం పూలతొట్లు పన్నెండు వేస్తే చేతికొచ్చినవి అయిదు. నాలుగింటికి ఆరేటప్పుడే తొండం మొదట్లో నెర్రె. ఒకదానికి రెండు చెవులూ ఊడి కింద పడ్డాయి. మిగిలిన ఏడూ కాలిస్తే రెండింటికి నుదురు పేలి పెచ్చు లేచిపోయింది.

తొట్టి సారె (కుమ్మరి చక్రం) మీద తీసిందే. 9 అంగుళాల ఎత్తు, గోడ మందం 8 మిల్లీమీటర్లు. మట్టి పలమనేరు వైపు చెరువు మట్టి, జల్లెడ పట్టి 10 పాళ్లకు 1 పాలు ఇసుక కలిపాను. తొట్టి తీసిన మర్నాడు మొహం అతికిస్తాను. తొండం గట్టి మట్టి ముద్దతో చేసిందే, 7 అంగుళాల పొడవు, మొదట్లో 5 సెంటీమీటర్ల లావు. అతికే చోట నీళ్లు రాసి, అతికించి, వేలితో నునుపు చేస్తాను. రెండు రోజులు నీడ, ఒక రోజు ఎండ. తర్వాత కరెంటు బట్టీలో 5 గంటల్లో 900 డిగ్రీలకు తీసుకెళ్తాను.

మట్టి మార్చాలా? అమ్మినవాళ్లేమో "మట్టి బంగారం సామీ, నీ చెయ్యే కుదర్లేదు" అంటున్నారు.

గంటావూరు_బంక
మట్టినేమీ అనొద్దు సామీ. 5 సెంటీమీటర్ల గట్టి ముద్ద పెట్టి మూడు దినాల్లో ఆరాలంటే ఏ మట్టి ఆరతాది? పైన తెల్లబడి ఉంటాది, లోపల పచ్చిగానే ఉంటాది. నుదురు పేలిందంటివే, తొండం మొదలుండేది ఆడే కదా.

తొండం డొల్లగా ఉండాల. సారె మీదనే తియ్యి, కూజా మెడ మాదిరి సన్నంగా, పొడుగ్గా. తీసినాక ఒక గంట వదిలిపెట్టి అప్పుడు వంపు తిప్పు. తీసిన వెంటనే వంచితే నలిగిపోతాది, సాయంత్రం దాకా ఉంచితే వంపులో బీట కొడతాది.

సారెతిప్పుడు
సారె మీద గొట్టం రాకపోతే ఇంకో దారి ఉంది. చేతికర్రకు న్యూస్‌పేపర్ రెండు మూడు చుట్లు చుట్టి, దాని మీద 6 మిల్లీమీటర్ల మట్టి పట్టీ చుట్టాలి. కర్ర అప్పుడే లాగెయ్యాలి. పేపర్ లోపలే ఉన్నా పర్వాలేదు, బట్టీలో బూడిదైపోతుంది. కర్ర మాత్రం మరిచిపోకూడదు. మట్టి ఆరుతూ బిగుస్తుంది, కర్ర కుంచించుకోదు, ఇక చీలక ఏం చేస్తుంది?

నగరి_నత్త
అసలు పలమనేరు మట్టికి ఏనుగంటేనే పడదేమో. కౌండిన్య అడవిలోంచి దిగి పొలాలన్నీ తొక్కిపోతా ఉంటే ఆ మట్టి పగబట్టకుండా ఉంటుందా?

కరెంటుబట్టీ
నత్తన్నా, ఆ మాట మీద కుప్పం వాళ్లు కూడా సంతకం పెడతారు.

తిరుచానూరు_తొట్టి గారూ, మీవి రెండు వేర్వేరు తప్పులు. కలిపి చూస్తే దారి దొరకదు.

నెర్రె ఆరేటప్పటి తప్పు. మీ తొట్టి మర్నాటికి సగం ఆరి, కుంచించుకోవాల్సిన దాంట్లో కొంత కుంచించుకుపోయింది. దాని మీద పచ్చి ముద్ద తెచ్చి అతికించారు. అది ఇంకా 8, 9 శాతం కుంచించుకోవాలి, గోడేమో 4, 5 శాతమే. ఇద్దరూ చేయి పట్టుకుని వేర్వేరు వేగంతో నడుస్తున్నారు, పట్టు జారేది అతుకు దగ్గరే. పైగా మధ్యలో ఉన్నది వట్టి నీళ్లు. నీళ్లు జిగురు కాదు.

పేలడం కాల్చేటప్పటి తప్పు. 100 డిగ్రీలు దాటేసరికి లోపలి చెమ్మ ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బాలని చూస్తుంది. దారి లేకపోతే పెచ్చు ఎగరగొట్టి బయటికొస్తుంది. 5 గంటల్లో 900 అంటే గంటకు 180 డిగ్రీలు. ఎముక మాదిరి ఎండిన పల్చటి కుండ దాన్ని ఓర్చుకుంటుందేమో. అయిదు సెంటీమీటర్ల తొండం ఓర్చుకోదు.

పీలేరు_పెంకు
పేలడానికి అసలు కారణం గాలి బుడగ. మట్టి సరిగా తొక్కలేదు, పిసకలేదు. లోపల గాలి చిక్కుకుంటే వేడికి ఉబ్బి పేలుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే.

కరెంటుబట్టీ
పెంకన్నా, అందరికీ తెలిసిన ఆ సంగతే తప్పు. పూర్తిగా ఎండిన ముద్దలో బుడగ ఉన్నా మెల్లగా కాలిస్తే పేలదు. ఎండిన, కాల్చని మట్టి గోడకు సన్నటి రంధ్రాలు కోట్లున్నాయి, గాలి వాటిలోంచి జారుకుంటుంది. బుడగలున్న మట్టి పిసకడం సరిగా కాని మట్టి, అలాంటిది మందంగానూ ఉంటుంది, అందుకే పేలితే నింద బుడగ మీద పడుతుంది. పేల్చేది నీళ్లు.

పీలేరు_పెంకు
అట్లయితే డొల్ల బొమ్మకు కింద బెజ్జం ఎందుకు పెడతారందరూ? మా తాతల కాలం నుంచీ పెడుతున్నారు.

కరెంటుబట్టీ
పెట్టాల్సిందే, కాదనలేదు. కాకపోతే దాని పని బట్టీలో కన్నా ముందే మొదలవుతుంది. మూసిన డొల్ల ఆరుతూ కుంచించుకుంటుంది. లోపలి గాలి నలిగి గోడను ఎదురు తోస్తుంది, సన్నటి చోట చిట్లుతుంది. బెజ్జం ఉంటే గాలి పోతుంది, లోపలి గోడ కూడా ఆరుతుంది. డొల్ల తొండం మొదలు తొట్టి గోడకు అతికే చోట, తొట్టి గోడలోనే 4 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే చాలు. తొట్టిలో మట్టి పోస్తే అది కనపడదు కూడా.

గంటావూరు_బంక
బెజ్జం మాట నిజం. ఏనుగు నోట్లో పుల్ల గుచ్చినా సరిపోతాది, నోరు కావాల కదా ఎట్లాగూ.

తిరుచానూరు_తొట్టి
డొల్ల తొండం అర్థమైంది. అతుకు సంగతి చెప్పండి. నీళ్లు వద్దంటే ఏం వాడాలి?

గంటావూరు_బంక
అదే మట్టి, పెరుగు మాదిరి చిక్కగా కలుపుకోవాల. కొత్త మట్టి వద్దు, తొట్టికి వాడిన ఆ మట్టే. ఎండిన తునకలు నీళ్లలో వేస్తే అదే విడిపోతాది, పిసకబల్లేదు. రెండు వైపులా పాత దువ్వెన ముక్కతో అడ్డంగా, నిలువుగా బాగా గీరు. లోతు 2 మిల్లీమీటర్లన్నా ఉండాల. రెండు వైపులా పూసి, పెట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పుతా నొక్కు. మొదట జారతాది, రెండు మూడు తిప్పుళ్లకు పట్టుకుంటాది. ఇంక కదలదంటే అతుక్కుందని.

ఆమీట అతుకు చుట్టూ చిటికెన వేలంత మట్టి తీగ పెట్టి, చెక్కతో అదుము. వేలితో నునుపు చేసేసినావంటే నెర్రె కప్పుకుంటాదే గానీ లోపల ఉండనే ఉంటాది. చెక్కతో ఒత్తితే మట్టి దగ్గరపడతాది.

సారెతిప్పుడు
చెవులకు ఇదే చాలదు. చెవి పల్చటి ఆకు, అంచు ముందు ఆరిపోతుంది, మొదలు పచ్చిగా ఉంటుంది. అంచుకు తడిగుడ్డ పీలిక వేసి ఉంచండి, మొదలు గాలికి వదిలెయ్యండి. అందరూ మొత్తం బొమ్మకు కవర్ కప్పుతారు. కప్పాల్సింది తొందరగా ఆరే చోటికి.

కొలువుబొమ్మ
సారెతిప్పుడు గారి మాటకు ఒకటి జోడిస్తా. అతికించిన రాత్రి మాత్రం మొత్తం బొమ్మ ప్లాస్టిక్ కవర్‌లో బిగించి ఉంచాలి. గోడ చెమ్మ, తొండం చెమ్మ ఒక్క తీరుకు వస్తాయి. తెల్లారి కవర్ మూతి కొంచెం వదులు చేయాలి. మూడో రోజు తీసెయ్యాలి. ఫ్యాన్ కింద వద్దు, కిటికీ పక్కన అసలే వద్దు. ఒక వైపు గాలి కొడితే ఆ వైపు చెవి వంకర తిరుగుతుంది.

తిరుపతి ఎండాకాలంలో అయితే గోనెపట్టా తడిపి గది మూలన వేలాడదీసుకోండి. గాలిలో తడి లేకపోతే ఎంత కప్పినా తీసిన గంటకే అంచులు తెల్లబడతాయి.

తిరుచానూరు_తొట్టి
అతికించడానికి సరైన సమయం ఏది? ఒకరు మర్నాడంటారు, ఒకరు అదే రోజంటారు.

గంటావూరు_బంక
గడియారం చూసి కాదు. తొట్టి గోడను బొటనవేలితో నొక్కు. గుర్తు పడాల, గోడ లోపలికి పోకూడదు. ఆ పదునులో అతికించు. తొండం, చెవులు కూడా ముందే చేసి పెట్టుకుని అదే పదునుకు తెచ్చుకో. నువ్వు తొట్టిని ఆరబెట్టి, తొండాన్ని అప్పటికప్పుడు పచ్చిగా చేసి పెట్టినావు. ముదురుకు లేతను అంటగట్టడమే తప్పు.

నగరి_నత్త
పెళ్లి సంబంధాల పేజీ కాదు కదా ఇది?

పీలేరు_పెంకు
గాలి బుడగ సంగతి ఒప్పుకుంటా, వదిలెయ్యండి. ఇసుక సంగతిలో మాత్రం నేను తగ్గను. 10కి 1 పాలు ఇసుక మొహం బొమ్మకు చాలదు. మామూలు కుండకు సరిపోతుంది, కుండంతా ఒకే మందం కాబట్టి. బొమ్మకు 10కి 2 పాళ్లు వేయాలి, దాంట్లో సగం ఇసుక, సగం పెంకుల పొడి.

పగిలిపోయిన తొట్లు పారేయొద్దు. రోట్లో దంచి, దోమల జాలీలో పట్టితే వచ్చే బరక పొడి ఉంది చూడండి, అది అసలు మందు. ఒకసారి కాలిన మట్టి మళ్లీ కుంచించుకోదు. పిండి లాంటి దుమ్ము మాత్రం తీసెయ్యండి, అది లాభం లేదు.

ఇసుక కూడా వంక ఇసుక, కడిగింది. క్వారీ దుమ్ము వద్దు, అంచులు పదునుగా ఉండి సారె మీద చెయ్యి కోస్తుంది.

కరెంటుబట్టీ
ఎంత వేయాలో నోటి లెక్కతో ఎందుకు, కొలుచుకోవచ్చు. 14 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 1 మందం పట్టీ చేసి, దాని మీద చాకుతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా ఎండాక గీత కొలవండి. 9 సెంటీమీటర్లు వస్తే 10 శాతం కుంచించుకుందని. 9.3, 9.4 వచ్చేదాకా పెంకుల పొడి పెంచుకుంటూ పోండి. అంతకు మించి వేస్తే మట్టి జిగట పోతుంది, తొండం వంచితే పైన చిన్న చిన్న పగుళ్లు లేస్తాయి.

గంటావూరు_బంక
పెంకు పొడి మంచిదే. కానీ ఊక మరిచిపోయినారే? పెద్ద బొమ్మకు ఊక లేకుండా కుదరదు. మట్టి లోపల ఊక కాలి సన్న బెజ్జాలు మిగిలిపోతాయి, బరువు తగ్గతాది, లోపలి చెమ్మకు దారి దొరకతాది.

పీలేరు_పెంకు
పూలతొట్టికి ఊక వద్దు. కాలాక నీళ్లు చెమర్చి చెమర్చి బయట తెల్లటి ఉప్పు పూత వచ్చేస్తుంది, తొట్టి తొందరగా మెత్తబడుతుంది. నిలబెట్టే గుర్రానికి, గుడి బొమ్మకు వేసుకోండి.

గంటావూరు_బంక
అదీ నిజమే. తొట్టికి వద్దు, గుర్రానికి కావాల.

నగరి_నత్త
మా పక్క తమిళ ఊళ్లల్లో అయ్యనార్ గుడి గుర్రాలు చూసినారా, మనిషి ఎత్తుకు మించి ఉంటాయి. ఊక, ఇసుక కలిపిన మట్టే. కాళ్లు నాలుగూ గొట్టాలు, వాటి మీద కడుపు మట్టి తీగలతో చుట్టుకుంటా పోతారు. ఒక్క రోజులో కాదు. కింది వరస కొంచెం గట్టిపడితేనే పై వరస, లేకుంటే బరువుకు కూలబడుతుంది. ఆ పదును పట్టుకోవడమే పనంతా.

రాజస్థాన్‌లో మోలేలా ఊరి కుమ్మర్లు దేవుళ్ల పలకలకు గాడిద లద్దె కలుపుతారు. పని అదే, పీచు కాలిపోయి దారి వదులుతుంది. మన దగ్గర గాడిదలు దొరకవు కాబట్టి ఊకే దిక్కు.

సారెతిప్పుడు
గాడిదలు దొరకవంటావేంది, ఈ వేదికలో...

నగరి_నత్త
అన్నా, నిన్ను లెక్కలోకి తీసుకోలేదు, క్షమించు.

పుంగనూరు_పొట్టి
తొట్టి కాదు, నాలుగు కాళ్ల బొమ్మ నా సమస్య. పుంగనూరు ఆవు, అడుగు పొడవు. ముందు కాళ్ల మధ్య, వెనక కాళ్ల మధ్య కడుపు కింద నెర్రె. అతుకు బాగానే కొట్టినాను, దువ్వెన, బురద, తీగ అన్నీ. అయినా అక్కడే.

సారెతిప్పుడు
ఆరబెట్టింది దేని మీద?

పుంగనూరు_పొట్టి
చెక్క పలక మీద.

సారెతిప్పుడు
అదే. పచ్చి కాళ్లు పలకకు అంటుకుపోయాయి. ఒళ్లు కుంచించుకుంటూ కాళ్లను లోపలికి లాగుతుంది, పాదాలు కదలవు. ఎక్కడో ఒకచోట వదలాలి కదా, కడుపు కింద వదిలింది. పలక మీద న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద జల్లించిన బూడిద పలచగా చల్లి నిలబెట్టు. పాదాలు వాటంతటవే జరుగుతాయి. రోజుకొకసారి బొమ్మను మెల్లగా ఎత్తి పెట్టినా చాలు.

బట్టీలో కూడా ఇంతే, పాదాల కింద ఇసుక చల్లాలి.

కరెంటుబట్టీ
పుంగనూరు ఆవు ఎంచుకోవడం మాత్రం తెలివైన పని. పొట్టి కాళ్లు, బరువంతా నేలకు దగ్గర. బొమ్మలు చేసేవాళ్ల కోసమే పుట్టిన జాతి. ఒంగోలు గిత్తను పెట్టుకుని ఉంటే మూపురం బరువుకు ముందు కాళ్లు కూలేవి.

పుంగనూరు_పొట్టి
మూపురం దీనికీ ఉంది సామీ, చిన్నదైనా. డొల్లగా చేయాలా?

కరెంటుబట్టీ
బొటనవేలి కన్నా లావైనది ఏదైనా డొల్లే. లెక్క అంతే పెట్టుకోండి, 2.5 సెంటీమీటర్లు దాటితే లోపల తవ్వెయ్యడం. మూపురం కింద కడుపు గోడలో బెజ్జం.

కొలువుబొమ్మ
ఆవు కొమ్ములు, ఏనుగు దంతాలు, గుర్రం చెవులు ఇవన్నీ అతికించి తీరాలని ఎవరన్నారు? బెంగాల్ బాంకుడా దగ్గర పాంచ్‌మురా గుర్రాలు చూడండి. ఒళ్లు, మెడ, కాళ్లు సారె మీద వేరువేరుగా తీసి కలుపుతారు. ఆకులాంటి చెవులు, తోక మాత్రం విడిగా చేసి, ఒంటి మీద వదిలిన గాడిలో తర్వాత గుచ్చుతారు. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లకు రాని సిగ్గు మనకెందుకు?

గాడి కొంచెం వదులుగా ఉండాలి. పచ్చిగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోతే కాలాక ఇరుక్కుంటుంది, లేదా దూరదు. ఒకే మట్టి, ఒకే బట్టీ అయితే చెవి చుట్టూ 1 మిల్లీమీటరు ఖాళీ చాలు.

పీలేరు_పెంకు
తొట్టికి గుచ్చిన చెవి పనికిరాదక్కా. నీళ్లు పోసేటప్పుడు చెవి పట్టుకుని తొట్టిని ఎత్తేవాళ్లుంటారు.

కొలువుబొమ్మ
తొండం పట్టుకుని ఎత్తేవాళ్లూ ఉంటారు. అలాంటి ఇంట్లో అతికించిందయినా ఆగదు.

గంటావూరు_బంక
తొండం పైకెత్తిన ఏనుగే కావాలంటారు కొనేవాళ్లు, శుభమంట. బండిలో ఎక్కించేటప్పుడు మొదట విరిగేది అదే. పైకెత్తినా కొస గాలిలో వదలొద్దు. వెనక్కి తిప్పి నుదుటికి తగిలించు, వంకీ మాదిరి. రెండు చోట్ల పట్టు ఉంటాది, పట్టుకోను పిడి అవతాది. కిందికి దించినావంటే తొట్టి పొట్టకు ఆనించు.

తిరుచానూరు_తొట్టి
ఇది బాగుంది. వంకీ తొండమే వేస్తా. మరి నెమలి తొట్లు? పింఛం అతికిస్తే అంతా ఊడిపోతోంది.

సారెతిప్పుడు
పింఛం అతికించొద్దు. గోడ మీదే చెక్కు. తల, మెడ మాత్రం బయటికి రావాలి, పింఛమంతా తొట్టి గోడ చుట్టూ పరుచుకోవాలి. కళ్లకు పెన్ను మూత ఒత్తు, ఈకలకు కొబ్బరి ఈనెతో గీతలు. ఎక్కువ లోతు వద్దు, గోడ మందంలో మూడో వంతు దాటితే ఆ గీత వెంబడే పగులుతుంది.

నగరి_నత్త
శ్రీకాళహస్తి కలంకారీ అచ్చులు ఒత్తితే ఇంకా సులభం కదా, నెమలి అచ్చులు బోలెడు దొరుకుతాయి.

కాళాస్త్రి_కలం
మావాళ్లు విన్నారంటే కొడతారు. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసే పని, అందుకే ఆ పేరు. చెక్క అచ్చులు పెడన, మచిలీపట్నం వాళ్లవి. అవి మట్టి మీద ఒత్తొచ్చు, తప్పు లేదు, కానీ అచ్చుకు ముందు బూడిద అద్దాలి, లేకుంటే మట్టి అచ్చుతో లేచొస్తుంది. బట్టకు వాడే అచ్చు గీత సన్నం. మట్టిలో సరిగా పడదు, పూత వేస్తే పూడిపోతుంది. మట్టికి గీత 2 మిల్లీమీటర్లన్నా ఉన్న అచ్చు చెక్కించుకోండి, మా శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో చెక్కేవాళ్లున్నారు.

పుంగనూరు_పొట్టి
పాము చుట్టుకున్న కుండ ఎవరైనా చేసినారా? చుట్టు తిరిగి వచ్చిన పాము రెండు మూడు చోట్ల తెగుతోంది.

గంటావూరు_బంక
తెగక ఏం చేస్తాది? ఉంగరం మాదిరి కుండను బిగించి పట్టుకుంటాది, అది కుంచించుకోవాల, కుండ అంతగా కుంచించుకోదు. నువ్వే ముందు కోసెయ్యి. పొలుసులు చెక్కేటప్పుడు మూడు చోట్ల అడ్డంగా పాము మందమంతా చాకు దించు. పొలుసు గీతలో కలిసిపోతాది, ఎవరికీ కనపడదు. అతుకు మాత్రం కిందంతా గట్టిగా ఉండాల.

కొలువుబొమ్మ
రంగు మాట ఎవరూ ఎత్తలేదు. పూలతొట్టికి ఎనామిల్ పెయింట్ వేయొద్దు. లోపలి తడి మట్టి గోడలోంచి బయటికి రావాలని చూస్తుంది, పెయింట్ దారి ఇవ్వదు. కొన్ని నెలలకే పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. ముందు ఊడేది ఏనుగు కన్నే.

జాజు (ఎర్ర కావి మట్టి) పూత మేలు. జాజు మెత్తగా నూరి, అదే మట్టి పలచటి నీళ్లలో కలిపి, సగం ఆరిన తొట్టికి గుడ్డతో రెండుసార్లు పూయాలి. చెయ్యి పెడితే అంటుకోనంత ఆరాక నున్నటి గులకరాయితో రుద్దాలి. ఒకే దిక్కులో, చిన్న చిన్నగా. అద్దం మాదిరి మెరుస్తుంది. 900 దాటించి కాలిస్తే ఆ మెరుపు తగ్గుతుంది, 800 దగ్గర ఆపుకోండి.

కాళాస్త్రి_కలం
నల్ల ఏనుగు కావాలంటే? జాజుతో ఎరుపే కదా వచ్చేది.

గంటావూరు_బంక
మట్టి అదే, పూత అదే. ఆవంలో (కట్టెల బట్టీలో) పొగ ఆపడంలో ఉంది. బాగా ఎర్రగా కాలినాక పచ్చాకు, రంపంపొట్టు, పేడ పిడకలు లోపల వేసి, పైనా కిందా బురదతో మూసెయ్యాల. గాలి పోకుండా రాత్రంతా ఉంచాల. ఎరుపు నలుపవతాది, మసి కూడా మట్టిలోకి ఎక్కతాది. బురదలో ఒక్క నెర్రె ఉన్నా గాలి దూరిన చోట ఎర్ర మచ్చ పడతాది. చల్లారక ముందే తెరిచినావంటే మళ్లీ ఎర్రబడతాది.

కరెంటు బట్టీలో ఇది చెయ్యొద్దు, తీగలు పాడైపోతాయి.

నగరి_నత్త
నాదొక ప్రశ్న. కాల్చి బయటపెట్టిన నాలుగు రోజులకు కోడిపుంజు మూత మీద చిన్న చిన్న పొక్కులు లేచి పెచ్చులు ఊడుతున్నాయి. ఒక్కో గుంట అడుగున తెల్ల చుక్క.

పీలేరు_పెంకు
ఆ తెల్ల చుక్క సున్నం. నీ పేరులో ఉన్నదే నీ మట్టిలోనూ ఉంది! చెరువు మట్టిలో నత్త గుల్లలు, సున్నపు పలుకులు ఉంటాయి. కాలితే అది సున్నమవుతుంది, తర్వాత గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, పైపెచ్చు ఎగురుతుంది. పచ్చిమట్టి మీద నిమ్మరసం పిండి చూడు, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే.

మట్టిని నీళ్లలో నానేసి, పలచగా చేసి, దోమల జాలీలో కాదు, దానికన్నా సన్న బట్టలో వడగట్టు. పిండిగా ఉన్న సున్నం హాని చేయదు, పలుకు చేస్తుంది. ఈసారి కాల్చినప్పుడు, చల్లారిన బొమ్మను బట్టీలోంచి తీసీ తీయగానే నీళ్ల తొట్టిలో ఒక గంట ముంచు. సున్నం ఉబ్బకముందే తడిసి మెత్తగా సాగిపోతుంది. అన్నీ కాకపోయినా చాలా మటుకు నిలుస్తాయి.

నగరి_నత్త
పేరు మార్చుకోవాలి ఇంక.

తిరుచానూరు_తొట్టి
కరెంటుబట్టీ గారూ, గంట గంటకు ఎంత డిగ్రీలు పెంచాలో ఒకసారి చెప్పెయ్యండి, రాసుకుంటా.

కరెంటుబట్టీ
ముందు ఎండిందా లేదా తేల్చుకోండి. తొట్టిని ఇంట్లో తూకం మీద రోజూ పెట్టి చూడండి. రెండు రోజులు వరసగా బరువు తగ్గకపోతే ఎండినట్టు. తూకం లేకపోతే చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉంది.

బట్టీ మూత ఒక అంగుళం తెరిచి 90 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచండి. చూసే బెజ్జం దగ్గర అద్దం ముక్క పెట్టండి, మసకబారితే నీళ్లు ఇంకా వస్తున్నాయి. మసక ఆగాక మూత మూసి, 600 దాకా గంటకు 80 డిగ్రీల లెక్కన పెంచండి. 450 నుంచి 600 దాకా మట్టిలో కలిసిపోయిన నీరు కూడా పోతుంది, అదీ ఆవిరే. 573 దగ్గర ఇసుక పలుకు ఉన్నపళంగా ఉబ్బుతుంది, అక్కడ తొందరపడితే గీతలాంటి పగులు. 600 దాటాక గంటకు 120, 150 వేసుకోవచ్చు. 850 దగ్గర అరగంట ఆపి కట్టెయ్యండి. రుద్దిన మెరుపు కావాలంటే అక్క చెప్పిన 800 దగ్గరే.

చల్లారేటప్పుడూ అదే 573 అడ్డొస్తుంది, ఈసారి పలుకు ముడుచుకుంటుంది. 100 కిందికి వచ్చేదాకా మూత ముట్టుకోవద్దు.

సారెతిప్పుడు
కట్టెల ఆవమైతే అద్దం ముక్క అక్కర్లేదు. పొగలో తెల్లటి ఆవిరి కనపడినంతసేపూ సన్న సెగే. అది ఆగాకే పెద్ద మంట. తడిసిన కట్టె మొదట్లో వేస్తే ఆవిరేదో పొగేదో తెలియదు, ఎండు కట్టే వాడండి.

తిరుచానూరు_తొట్టి
ఎనిమిది తొట్లు వేశా. 10కి 2 పాళ్లు, సగం ఇసుక, సగం పెంకు పొడి. కొలత పట్టీ 9.3. వంకీ తొండం, డొల్లగా, బెజ్జంతో. రెండు వారాలు ఆరబెట్టి, చెప్పినట్టే కాల్చా. పేలినవి సున్నా. తొండం నెర్రెలు సున్నా. ఒక్కదానికి ఎడమ చెవి అంచులో అంగుళం పగులు.

కొలువుబొమ్మ
ఆ ఒక్కటి ఎక్కడ ఆరింది?

తిరుచానూరు_తొట్టి
కిటికీ పక్కన అక్కా.